సూర్యకాంతం

సూర్యకాంతం (అక్టోబరు 28, 1924 - డిసెంబరు 18, 1994) గయ్యాళి అత్త పాత్రలకు పెట్టింది పేరైన తెలుగు సినిమా హాస్యనటి.

జీవితం

ఈమె కాకినాడ సమీపంలోని వెంకటకృష్ణరాయపురంలో జన్మించింది. నటనపై మక్కువతో మద్రాసు చేరి, 1946లో నారద నారది చిత్రంలో చిన్న పాత్రతో సినీరంగ ప్రవేశం చేసింది. సౌదామిని చిత్రంలో కథానాయిక అవకాశం లభించినా, కారు ప్రమాదంలో ముఖానికి గాయమవడంతో అది చేజారింది.

నటన

1950లో విడుదలైన సంసారం చిత్రంలోని అత్త పాత్ర ఈమెకు స్థిరమైన గుర్తింపు తెచ్చింది. ఎడమచేయి తిప్పుతూ గడగడా సంభాషణలు చెప్పడం ఈమె ప్రత్యేకత. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కథానాయకులుగా నటించినా, విజయా వారి గుండమ్మ కథ (1962) చిత్రానికి ఈమె పాత్ర పేరే పెట్టారు.

వ్యక్తిత్వం

తెరపై కోడళ్ళను రాచిరంపాన పెట్టిన ఈమె, నిజజీవితంలో చిత్రీకరణకు ఇంటినుండి వంటకాలు తెచ్చి తోటివారికి ఆప్యాయంగా వడ్డించేది. అయినా ఈమె పేరు గయ్యాళితనానికి మారుపేరై, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికే తల్లిదండ్రులు జంకేవారు.