వంటింట్లో మొదలైన కొడాక్

ఆన్‌లైన్‌లో ఓ కెమెరా కిట్ దొరుకుతుంది. ప్లాస్టిక్ ముక్కలు, స్క్రూలు, రెండు లెన్సులు, చిన్న అద్దం. ఓపిగ్గా బిగిస్తే కెమెరా రెడీ. పై లెన్సులోంచి మనం చూస్తాం, కింది లెన్సు ఫిల్మ్ మీద బొమ్మ పడేలా చేస్తుంది. కెమెరా ఇంట్లో తయారవుతుంది గానీ ఫిల్మ్ చుట్ట మాత్రం కొనుక్కోవాల్సిందే. ఆ చుట్టను సామాన్యుల చేతికి తెచ్చిన వ్యక్తి జార్జ్ ఈస్ట్‌మన్. చదువు మధ్యలోనే ఆగిపోయిన కుర్రాడు.

వారానికి 3 డాలర్లు

1854లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. ఏడేళ్ల వయసులో తండ్రి పోయాడు. తల్లి మరియా ఇంట్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకుని పిల్లల్ని సాకింది. 14 ఏళ్లకే బడి మానేసి, బీమా ఆఫీసులో వారానికి 3 డాలర్లకు పనికి కుదిరాడు. ఆ జీతం చాలక రాత్రిళ్లు ఇంట్లోనే అకౌంటింగ్ నేర్చుకున్నాడు. 1874లో రోచెస్టర్‌లోని ఓ బ్యాంకులో గుమస్తా అయ్యాడు. జీతం వారానికి 15 డాలర్లు.

వెళ్లని టూరు

24 ఏళ్లప్పుడు శాంటో డొమింగో వెళ్దామనుకుని కెమెరా కొన్నాడు. అప్పట్లో ఫొటో తీయడమంటే పెద్ద తతంగం. గాజు పలకలు, రసాయనాలు, గుడారం అన్నీ మోసుకెళ్లాలి. పలక తడిగా ఉండగానే పని ముగించాలి. టూరు ఆగిపోయింది గానీ, ఈ సరంజామా ఎందుకు తగ్గదన్న ప్రశ్న మాత్రం వదల్లేదు. పగలు బ్యాంకు, రాత్రి అమ్మ వంటింట్లో ప్రయోగాలు. ఒక్కోసారి పొయ్యి పక్కనే నేల మీద నిద్రపోయేవాడు. చివరికి ముందే పూత పూసిన పొడి పలకలు సిద్ధమయ్యాయి. 1880లో వాటి తయారీ మొదలెట్టాడు. మరుసటి ఏడాది హెన్రీ స్ట్రాంగ్ భాగస్వామిగా చేరాక బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు.

అసలు పరీక్ష

అంతలోనే దెబ్బ తగిలింది. అమ్మిన పలకలు పనిచేయట్లేదని ఫిర్యాదులొచ్చాయి. కంపెనీ మునిగేలా ఉన్నా, పాడైన పలకల్ని వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చారు. లోపం ఎక్కడుందో తేలక ఇంగ్లండ్ దాకా వెళ్లి ఆరా తీశారు. చివరికి కొనుగోలు చేసిన జెలటిన్‌లో తేడా ఉందని తేలింది. చేతిలో డబ్బు పోయినా వ్యాపారుల నమ్మకం నిలిచింది.

తర్వాత గాజుకు బదులు కాగితపు ఫిల్మ్ చుట్ట తెచ్చారు. ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్లు పెద్దగా పట్టించుకోలేదు. దాంతో ఆయన మామూలు జనం వైపు తిరిగారు. 1888లో కొడాక్ కెమెరా వచ్చింది. ధర 25 డాలర్లు. లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్మ్. అయిపోగానే కెమెరానే కంపెనీకి పంపితే ఫొటోలు కడిగి, కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపేవారు. 1900లో వచ్చిన అట్టపెట్టె బ్రౌనీ కెమెరా ధర ఒక్క డాలరే!

సంపాదించింది దాచుకోలేదు. 1919లో తన సొంత షేర్లలో మూడో వంతు ఉద్యోగులకిచ్చారు. ఎంఐటీకి 'స్మిత్' అనే మారుపేరుతో కోట్ల డాలర్ల విరాళాలు పంపారు. 1932లో, 77 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఉద్యోగం వేటలో ఉన్న మనకు ఆయన జీవితంలో పనికొచ్చేవి రెండున్నాయి. జీతం ఆగకుండా చూసుకుంటూనే రాత్రిళ్లు కొత్త పని నేర్చుకున్నారు. తప్పు జరిగినప్పుడు నష్టం తనే భరించి, కారణం దొరికేదాకా వెతికారు.