ఎనిమిది గడపలు తొక్కిన పైలటమ్మ

మా భద్రాచలం అడవి అంచు పల్లెల్లో విమానం మోత వినపడితే ఆడవాళ్లం చేతిలో పని ఆపి తలెత్తి చూస్తాం. దాన్ని నడిపేది ఆడమనిషి కావచ్చని మా అమ్మమ్మ అనుకుని ఉండదు.

అలహాబాద్‌లో విమానం నడపడం నేర్చుకున్న ప్రేమ్ మాథుర్, 1947లో లైసెన్సు చేతపట్టుకుని ఎనిమిది కంపెనీల గడప తొక్కారు. ఆడది నడిపితే ప్రయాణికులు బెదిరిపోతారట! చివరికి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్. రెండు ఇంజన్ల డకోటాలో కో-పైలట్ అయ్యారు. 1949లో జాతీయ విమాన పందెం గెలిచారు. కావలసినన్ని గంటలు నడిపినా కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు. ఆ ఉద్యోగం వదిలేసి బిర్లాగారి సొంత విమానం నడిపారు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. 1992లో కన్నుమూశారు.

ఉద్యోగం దొరికితే చాలనుకుంటాం మనం. చోటిచ్చినవాళ్లు పగ్గాలూ ఇవ్వాలి కదా! ఆ మాట ఆమె బతికి చూపించారు.