మృదంగ నాదమూర్తి పాల్ఘాట్ మణి అయ్యర్

కచేరీకి వెళ్ళినప్పుడు మన చూపంతా గాయకుని మీదనే నిలుస్తుంది. తల ఊపించేదీ, చేత తాళం వేయించేదీ మాత్రం పక్కనున్న మృదంగం. ఆ పక్కవాద్యానికి ప్రధాన వాద్యాలతో సమానమైన గౌరవం తెచ్చిన మహనీయుడు పాల్ఘాట్ మణి అయ్యర్ గారు.

ఆయన 1912లో కేరళలోని పాల్ఘాట్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి శేషం భాగవతార్ గాయకులు. చిన్ననాడే మృదంగం పట్టిన మణి అయ్యర్ గారు తరువాత తంజావూరు వైద్యనాథ అయ్యర్ గారి వద్ద విద్యకు మెరుగు పెట్టుకొన్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ గారి పక్కన బాలుడుగా వాయించి మద్రాసు రసికులను ముగ్ధులను చేశారు.

ఆయన మాతృభాష తెలుగు కాదు. అయినా జీవితమంతా ఆయన చేతులు నడిచింది త్యాగరాజస్వామి వంటి వాగ్గేయకారుల తెలుగు కృతుల వెంట. పాటకు అడ్డురాకుండా, సాహిత్యపు నడకను అనుసరిస్తూ, ఎక్కడ వాయించాలో అన్నదానితో పాటు ఎక్కడ ఆగాలో కూడా తెలిసి వాయించడం ఆయన ప్రత్యేకత. ఆ మౌనం కూడా వినదగినదే. నాదం సహజంగా వినబడాలన్న పట్టుదలతో ఒక దశలో మైకు పెట్టి వాయించడానికే ఒప్పుకొనలేదు.

అంతటి నాదం చేతివ్రేళ్ళలోనే పుట్టదు. పనస మ్రాను తొలిచి చేసిన కట్టెకు ఆవు, మేక, గేదె తోళ్ళను అమర్చి, తోలు వార్లతో బిగిస్తారు. కుడి మూత నడుమ రాతిపొడిని అన్నంతో మెదిపి, పొర మీద పొరగా రుద్ది నల్లని కరణి నిలుపుతారు. ఎడమ మూతకు కచేరీకి ముందు రవ్వముద్ద అద్దుతారు. మామూలు డప్పు శబ్దంలో స్థిరమైన స్వరం తేలదు. ఈ కరణి బరువు వలననే మృదంగం శ్రుతిలో పలుకుతుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ గారు ఈ రహస్యాన్ని పరిశోధించి, శివకాళి కుమార్ గారితో కలిసి 1920లో లండన్ పత్రిక ‘నేచర్’లో ప్రకటించారు.

శాస్త్రజ్ఞుడు లెక్కలతో తేల్చిన సంగతిని చెవితో ఎరిగినవారు తంజావూరు పనివారు. వారిలో సెబాస్టియన్ వంశానికి చెందిన పర్లాందు మణి అయ్యర్ గారికి మృదంగాలు చేసేవారు. ఒకరు వాయించి లోపం చెప్పడం, మరొకరు విప్పి మళ్ళీ కట్టడం, ఇద్దరూ కలిసి కొత్త మార్పులు వెదకడం! నాదం విషయంలో ఇంత దగ్గరైనా సంఘంలో వారిద్దరూ సమానులు కారు. ఒకరు బ్రాహ్మణ విద్వాంసులు, మరొకరు దళిత క్రైస్తవులు. వాద్యాన్ని పూజలో పెట్టే చేతులు వేరు, తోలు శుభ్రం చేసి దానిని తయారుచేసే చేతులు వేరు. సన్మానాల శాలువాలు మాత్రం ఒకవైపే చేరాయి. టి.ఎం. కృష్ణ గారు 2020లో వెలువరించిన గ్రంథంలో ఈ పనివారి చరిత్రను, వారు పడిన అవమానాలను వివరంగా వ్రాశారు.

మణి అయ్యర్ గారు 1965లో కె.వి. నారాయణస్వామి, లాల్గుడి జయరామన్ గార్లతో మన బ్రిటన్‌లోని ఎడిన్‌బరో ఉత్సవానికి వచ్చారు. 1966లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది. మృదంగ విద్వాంసునికి ఆ బిరుదు దక్కడం అదే మొదలు. 1971లో పద్మభూషణ్ లభించింది. చివరి దశలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలకు మృదంగం నేర్పారు. ఆ విధంగా మన తెలుగునేల ఆయనకు ఋణపడింది. 1981లో స్వర్గస్థులయ్యారు.

ఈనాడు లండన్ భవన్‌లోను, ఇతర చోట్లను మన పిల్లలు మృదంగం నేర్చుకొంటున్నారు. వాద్యం ఇంటికి వచ్చిన రోజున ముందు దానిని ఒడిలో పెట్టుకొని, కరణి మీద నెమ్మదిగా ఒక్క వ్రేలు వేసి వినమనండి. గురువు పేరు చెప్పినట్లే, అది చేసినవారి పేరు కూడా అడిగి తెలుసుకొనమనండి. మృదంగం రెండు చేతుల వాద్యమంటారు గాని, నిజానికి దాని వెనుక మరో రెండు చేతులున్నాయి. వాటికి కూడా నమస్కరించడం నేర్పితే, మన పిల్లలకు తాళంతో పాటు సంస్కారమూ అబ్బుతుంది.