పగిలియు చెదరని గాజు

పగిలిన గాజు అతుకదని లోకమున నానుడి. అద్దము బీటవారినచో అశుభమని యెంచి, దానిని ఇంట నుంచుకొనక వెంటనే పారవేయుట తెలుగు లోగిళ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పగిలిన గాజును పారవేయువారే లోకమున మెండు. అట్టి గాజును చేతబట్టి, ఇది పగిలియు ఏల ముక్కలై చెదరలేదని తన్ను తాను ప్రశ్నించుకొన్న వాడొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. అతడు ఎడ్వార్డ్ బెనెడిక్టస్. నేడు మోటారుకారు ముందు అద్దమునకు రాయి తగిలినపుడు ఆ గాజు కత్తులవలె ప్రయాణికుల ముఖములపై రాలక, బీటలు వారియు ఉన్నచోటనే నిలిచియుండుటకు అతని యాలోచనయే మూలము.

బెనెడిక్టస్ 1878లో పారిస్ నగరమున జన్మించెను. అతనిని కేవలము శాస్త్రజ్ఞుడని చెప్పుట అసమగ్రము. కేవలము చిత్రకారుడనుటయు అట్టిదే. రసాయనశాస్త్రమున ఎంత ఆసక్తియో, రంగులయందును రూపకల్పనయందును అతనికి అంత అనురక్తి. తోలుపై చిత్రములు తీర్చి పుస్తకములకు అట్టలు కూర్చుటలోను, వస్త్రములకు నమూనాలు గీయుటలోను అతడు ఆరితేరినవాడు. 1900 ప్రాంతమున పారిస్ నగరములో యువకులగు కవులు, చిత్రకారులు, సంగీతజ్ఞులు కొందరు చేరి ఒక మిత్రమండలిగా నేర్పడిరి. పోకిరిమూక యను అర్థమున వాడబడుచుండిన అపాష్ అను పేరును వారు వేడుకకు తమకు పెట్టుకొనిరి. సుప్రసిద్ధ సంగీతకర్త మారిస్ రావెల్ ఆ మండలిలోనివాడే. బెనెడిక్టస్ కూడ అందు సభ్యుడు. ఒకవంక పరీక్షనాళికలు, ఒకవంక కళాగోష్ఠులు. ఈ రెంటి నడుమ అతని యౌవనము గడచెను.

అతని పేరును శాశ్వతము చేసిన సంఘటన 1903లో జరిగినదని చెప్పుదురు. ఒకనాడు ప్రయోగశాలలో అతడు నిచ్చెన యెక్కి పై అరలోని వస్తువులను సర్దుచుండగా, చేయి తగిలి ఒక గాజుకుప్పె క్రింద పడెను. నేలయంతయు గాజుపెంకులతో నిండియుండవలసినది. కాని క్రిందికి దిగి చూడగా, కుప్పె ఒడలెల్ల బీటలు వారియున్నను దాని ఆకారము చెడలేదు. ముక్కలు దేని చోటున అది నిలిచియుండెను. పరిశీలింపగా ఆ కుప్పెలో పూర్వము సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణ ముండెనని తేలెను. పత్తివంటి పదార్థమును నత్రికామ్లముతో సంస్కరింపగా లభించు వస్తువది. ఆనాటి ఛాయాచిత్రముల ఫిల్ములకు అదియే ఆధారము. ద్రవభాగము కాలక్రమమున ఆవిరియై పోగా, పలుచని పారదర్శకమగు పొర యొకటి కుప్పె లోపలి గోడకు అంటుకొని మిగిలెను. పగిలిన ముక్కలను పట్టి యుంచినది ఆ పొరయే.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆ క్షణమున బెనెడిక్టస్‌కు గొప్ప యూహ ఏదియు తోచలేదు. ఆ పొరతో లోకమునకు ఏమి ప్రయోజనమో అతనికి తెలియదు. అయినను అతడు కుప్పెను చెత్తలో వేయలేదు. జరిగిన దానిని ఒక చీటిపై వ్రాసి, కుప్పెకు అంటించి, దానిని భద్రపరచెను. ఆపైన దాని మాట మరచెను. వింతను చూచి అబ్బురపడువారు అనేకులు. చూచినదానిని వ్రాసి దాచువారు కొందరే. ఆ చీటియే లేకున్నచో ఆ కుప్పె కథ ఆనాటితోనే ముగిసియుండెడిది.

అది మోటారుకార్ల తొలియుగము. మొదటి కార్లకు ముందు అద్దములే లేవు. వేగము పెరిగినకొలది గాలిని, దుమ్మును తట్టుకొనుటకు గాజుపలకలను నిలుపుట అలవాటయ్యెను. అవి కిటికీలకు వాడు మామూలు గాజుపలకలే. ఎదురుదెబ్బ తగిలినచో పెద్ద పెద్ద పెంకులుగా విరిగి, ఎదుట కూర్చున్నవారి ముఖములను, కంఠములను కోయుచుండెను. గాలినుండి కాపాడుటకు పెట్టిన అద్దమే ప్రాణాంతక మగుచుండెను. అట్టి ప్రమాదములో ఇద్దరు స్త్రీలు గాజుపెంకులవలన తీవ్రముగా గాయపడిరను వార్త బెనెడిక్టస్ చెవిని పడెను. మరుగున పడియున్న కుప్పె అప్పుడు అతని మనసున మెదలెను. వెంటనే ప్రయోగశాలకు పోయి పనికి పూనుకొనెను. రెండు గాజుపలకల నడుమ సెల్యులాయిడ్ పొర నుంచి, ఉత్తరముల ప్రతులు తీయు అచ్చుమరవంటి యంత్రములో బిగించి అదిమెను. మరునాటి సాయంకాలమునకు తొలిపలక సిద్ధమయ్యెనని అతని కథ చెప్పుదురు.

ఇట్టి ప్రయత్నము చేసినవాడు అతడొక్కడే కాడు. 1902లోనే ఫ్రాన్సులో ల కార్బోన్ అను సంస్థ గాజువస్తువులకు సెల్యులాయిడ్ పూత పూయు పద్ధతికి పేటెంటు పొందెను. 1905లో ఇంగ్లండున జాన్ క్రూ వుడ్ అనునతడు కెనడా బాల్సమ్ అను చెట్టుజిగురుతో పలకల నతికి కార్లకు అద్దములు చేయు పద్ధతికి పేటెంటు తీసికొనెను. కాని అది వ్యాపారముగా నిలువలేదు. బెనెడిక్టస్ 1909లో తన పద్ధతికి పేటెంటు కోరెను. గాజు, సెల్యులాయిడ్, గాజు అను మూడు పొరల కూర్పగుటచే దానికి ట్రిప్లెక్స్ అని పేరు. 1911లో ఫ్రాన్సున ట్రిప్లెక్స్ గాజు సంస్థ నేర్పరచెను. 1912లో ఇంగ్లండున ట్రిప్లెక్స్ సేఫ్టీ గ్లాస్ కంపెనీ ఆ పద్ధతిని చేపట్టెను.

ప్రాణములను కాచు వస్తువును లోకము రెండు చేతులతో స్వీకరించునని తలచుట సహజము. కాని అట్లు జరుగలేదు. ఒక పలకకు బదులు రెండు పలకలు, వాని నడుమ ఒక పొర. తయారీ మిక్కిలి మందముగా సాగునది, ఖర్చు అధికము. కార్ల తయారీదారులు ముందునకు రాలేదు. ఇంతలో 1914లో మహాయుద్ధము వచ్చి పడెను. యుద్ధభూమిలో విషవాయువు ప్రయోగింపబడగా సైనికులకు ముసుగులు కావలసివచ్చెను. ఆ ముసుగు కంటి అద్దము పగిలినచో గాజు కంట గ్రుచ్చుకొనును. విషము లోపలికి చొరబడును. అక్కడ ఖర్చును గూర్చి తర్కించుటకు తావులేదు. కారులోని ప్రయాణికుని కొరకు పుట్టిన గాజు ముందుగా కందకములోని సైనికుని కన్నులను కాచెను. శాంతికాలమున పొందని ఆదరణము దానికి యుద్ధకాలమున లభించుట చరిత్రలోని చేదునిజము.

యుద్ధానంతరము ట్రిప్లెక్స్ మాట కార్ల తయారీదారులకు క్రమముగా తలకెక్కెను. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1920ల చివర సామాన్యులు కొను మోడల్ ఏ కారునకు ఇట్టి భద్రతాగాజును ముందు అద్దముగా నమర్చెను. ధనికుల వస్తువు సామాన్యునకు అందుబాటులోనికి వచ్చుటకు అదియొక మెట్టు.

ఈ కాలమున బెనెడిక్టస్ గాజు కీర్తితో తృప్తిపడి యూరకుండక, తన తొలిప్రేమయగు అలంకారకళకు మరలివచ్చెను. 1924లో వారియాసియోన్ అను చిత్రసంపుటము వెలువరించెను. అందు 20 పలకలలో 86 అలంకారరూపములు కలవు. ఇట్టి సంపుటములు రంగు రంగునకు వేరువేరుగా కత్తిరించిన అచ్చుల నుంచి, చేతితో పూయు పద్ధతిలో ముద్రింపబడినవి. 1925లో పారిస్‌న జరిగిన అలంకారకళల ప్రదర్శనములో అతని వస్త్రచిత్రములు కానవచ్చెను. చివరి సంపుటమగు రెలే 1930లో వెలువడెను. ఆ సంవత్సరముననే అతడు కీర్తిశేషుడయ్యెను. రంగుపై రంగు చేర్చి చిత్రము పండించిన చేయియే పొరపై పొర చేర్చి గాజును దృఢపరచెను. అతనిలోని కళాకారుడును రసాయనికుడును ఇరువురు కారు.

అతని గాజునకు లోపములు లేకపోలేదు. ఎండకు నడిమి సెల్యులాయిడ్ పొర పసుపువన్నె తిరుగును. తడి చేరినచో అంచులు వీడును. ఈ లోపములను తీర్చినది పాలివినైల్ బ్యుటిరల్ అను కొత్త పదార్థము. కెనడాకు చెందిన మాథెసన్, స్కిరో అను రసాయనికులు 1927లో దానిని కనుగొనిరి. 1936 నాటికి అది వన్నె తరుగని నడిమిపొరగా పనికివచ్చునని అమెరికా సంస్థలు గ్రహించెను. సాగి మరల ముడుచుకొను గుణ ముండుటచే అది తలతగిలిన దెబ్బను కూడ కొంత తనలో ఇముడ్చుకొనును. పదార్థము మారెను, మూడు పొరల కూర్పు మాత్రము బెనెడిక్టస్‌దే. భారతదేశమున 1989 నాటి కేంద్ర మోటారువాహనముల నిబంధనలు కూడ ముందు అద్దము ఇట్టి పొరల భద్రతాగాజుతో చేయబడవలెనని నిర్దేశించెను.

రాయి తగిలిన యద్దమును ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము కూడ ఈ నిర్మాణమునందే కలదు. రాతిదెబ్బ సాధారణముగా బయటి పలకనే గాయపరచును. నడిమిపొర బీటను లోపలి పలకకు పోనీయదు. కాని బయటి పలకపై పడిన చిన్న బీట అట్లే యుండిపోదు. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు ఏ. ఏ. గ్రిఫిత్ 1921లో ప్రకటించిన వ్యాసమున దీని కారణమును విశదీకరించెను. గాజుపై పడు ఒత్తిడి బీటకొన యొద్ద కేంద్రీకరించును. బీట ఎంత పొడుగైనచో, దానిని ఇంకను సాగించుటకు అంత స్వల్పమగు ఒత్తిడి చాలును. గాలిలోని తేమ బీటకొనను చేరి అణుబంధములను సడలించి దానికి తోడ్పడును. ఎండయు చలువయు ఒక్కసారి తగిలినచో గాజు ఒకచోట వ్యాకోచించి, ఒకచోట సంకోచించి, బీటను లాగును. రోహిణికార్తెలో రోళ్లు పగులునని తెలుగువారి సామెత. ఆ యెండలో నిలిపిన కారు అద్దముపై చల్లని నీరు గుమ్మరించుట బీటను చేతులార పెంచుటయే.

కనుక నాణెమంత గాయమున్నపుడే దానిని చూచుకొనవలెను. మొదట దానిపై పారదర్శకమగు అంటు పట్టీ వేసి తడి, దుమ్ము చొరకుండ కాపాడవలెను. ఆపైన పనివారు ఆ గాయములోని గాలిని లాగివేసి, గాజువలెనే కాంతిని వంచు పలుచని రెసిన్ ద్రవమును లోనికి ఎక్కింతురు. అతినీలలోహిత కాంతి సోకగానే అది గట్టిపడును. మచ్చ కొంత మిగిలినను బీట సాగుట ఆగును. గోటితో పోవు దానికి గొడ్డలి యేల యను మాట ఇక్కడ అక్షరాల వర్తించును. అయితే డ్రైవరు చూపునకు సూటిగా నున్న దెబ్బకును, అంచు చేరిన పొడుగు బీటకును, లోపలి పలకకు తగిలిన గాయమునకును ఈ చికిత్స చాలదు, అద్దము మార్చవలసినదే. కొత్త అద్దము నతికిన జిగురు చాలినంత గట్టిపడువరకు బండిని కదపరాదు. కారు కప్పునకు ఊతమిచ్చువానిలో ముందు అద్దమును ఒకటి.

బెనెడిక్టస్ గాజు పగులకుండ చేయలేదు. అది గాజు స్వభావము. దానిని మార్చుట అతనికి సాధ్యము కాలేదు. పగిలినను మనిషికి హాని చేయకుండ దానిని కట్టడి చేసెను. అతడు నెలకొల్పిన పద్ధతిలోని సెల్యులాయిడ్ పొర నేడు వాడుకలో లేదు. అతడు గీసిన చిత్రములను కళాభిమానులు నేటికిని ఆదరింతురు. పాఠశాలలో ప్రయోగము చేయు బాలుడు తన పరీక్షనాళిక పగిలినపుడు ఉపాధ్యాయుడు కోపించునని దాచివేయుట కద్దు. అది ఎట్లు పగిలినదో వ్రాసి చూపుమని ఆ బాలుని చేతికి ఒక చీటి నిచ్చుట ఉపాధ్యాయుని వంతు.