చెరసాలలో నిలిచిన విశ్వాసం

ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌ దగ్గర ఎల్‌స్టో గ్రామంలో 1628లో జాన్‌ బన్యన్‌ పుట్టాడు. చిల్లుపడ్డ గిన్నెలకు మాట్లు వేసే తండ్రి వృత్తే అతనికీ అబ్బింది. చదువు అంతంతమాత్రం. మారుమనస్సు పొందాక చుట్టుపక్కల ఊళ్లలో వాక్యం చెప్పసాగాడు.

ప్రభుత్వ చర్చి అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660లో అతన్ని బంధించారు. ఇక బోధించనని మాట ఇస్తే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆ ఒక్క మాటే అతను ఇవ్వలేకపోయాడు. ఇంట్లో చనిపోయిన మొదటి భార్య పిల్లలు నలుగురు. వారిలో మేరీ పుట్టుకతోనే అంధురాలు. గర్భవతిగా ఉన్న రెండో భార్య ఎలిజబెత్‌ ఆ వార్తకు తల్లడిల్లి నెలలు నిండకముందే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. అయినా 1661లో ఆమె న్యాయమూర్తుల ఎదుట నిలబడి భర్త విడుదల కోసం ధైర్యంగా వాదించింది. ఫలితం లేకపోయింది.

దాదాపు 12 ఏళ్లు చెరలోనే గడిచాయి. లేసులకు లోహపు మొనలు బిగించే పని చేసి ఇంటివారిని పోషించాడు. కళ్లులేని కూతురు ఆకలికీ చలికీ ఏమైపోతుందోనన్న తలంపు అతని గుండెను కోసేది. చివరికి ఆ బిడ్డను దేవుని చేతుల్లోనే పెట్టాడు.

1672లో విడుదలయ్యాడు. 1678లో వెలువడిన అతని ‘యాత్రికుని ప్రయాణము’ తెలుగుతో సహా ఎన్నో భాషల విశ్వాసులను బలపరిచింది. 1688లో ఒక తండ్రినీ కొడుకునూ సమాధానపరచి, వానలో తడిసి లండన్‌ చేరి, జబ్బుపడి ప్రభువు సన్నిధికి వెళ్లాడు.

కుటుంబం ఒకవైపు, దేవుని పిలుపు మరోవైపు నిలిచిన రోజున బన్యన్‌ రెండింటినీ వదల్లేదు. చేతులతో తనవారి కోసం కష్టపడ్డాడు, మోకాళ్లపై వారిని ప్రభువుకు అప్పగించాడు.