అందరూ నవ్విన కుర్రాడు – లీబిగ్

ఈసారి నేను జస్టస్ లీబిగ్ జీవితం గురించి రాస్తున్నాను.

లీబిగ్ 1803లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో జన్మించాడు. తండ్రి రంగులు, మందులు అమ్మేవాడు. లీబిగ్ బడి చదువులో వెనకే. పెద్దయ్యాక ఏమవుతావని మాస్టారు అడిగితే రసాయన శాస్త్రవేత్తనవుతానన్నాడు. మాస్టారు నవ్వాడు, బడంతా నవ్వింది. అది చదివి నాకు ఏడుపొచ్చింది. పోయిన ఏడాది నేను సైంటిస్టునవుతానంటే క్లాసులో అట్లాగే నవ్వారు. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదటిదాన్ని.

లీబిగ్ మాత్రం ఆగలేదు. 1824లో, 21 ఏళ్ళకే గీసెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. అక్కడ విద్యార్థుల చేతనే ప్రయోగాలు చేయించేవాడు.

మొక్కలు నేలలోని ఖనిజాలను తీసుకుంటాయని 1840లో పుస్తకం రాశాడు. తర్వాత ఎరువు తయారుచేశాడు. వానకు కొట్టుకుపోకూడదని కరగకుండా చేశాడు. కరగనిది మొక్కకు అందలేదు. ఆ తప్పు తానే ఒప్పుకున్నాడు.

అంతకుముందే 1834లో లీబిగ్, ఆయన స్నేహితుడు వోలర్ ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌ను అమ్మోనియాతో కలిపారు. తెల్లని స్ఫటికాలు వచ్చాయి. వాటిలో ఫాస్ఫరస్, నైట్రోజన్, క్లోరిన్ ఉన్నాయి. సరైన ఫార్ములా మాత్రం వాళ్ళకు దొరకలేదు. 1873లో లీబిగ్ మ్యూనిక్‌లో మరణించాడు.

కథ అక్కడ ఆగలేదు. 1890లలో అమెరికాలో స్టోక్స్ అనే ఆయన ఆ స్ఫటికాలను బాగా వేడిచేస్తే రబ్బరు వచ్చింది! అది పాలిమర్. అంటే చిన్న అణువులు గొలుసులాగా కలిసింది. మామూలు రబ్బరు గొలుసులో కార్బన్ ఉంటుంది. దీని గొలుసులో ఫాస్ఫరస్, నైట్రోజన్ ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. కానీ అది ఏ ద్రవంలోనూ కరగలేదు. కరగకపోతే గొలుసు ఎంత పొడవో కొలవడం కష్టం. 1965లో ఆల్‌కాక్ అనే శాస్త్రవేత్త గొలుసులు ఒకదానికొకటి అతుక్కోకముందే వేడి ఆపి, కరిగే పాలిమర్ తెచ్చాడు. దానిలోని క్లోరిన్ తీసి వేరేవి పెట్టాడు. అట్లా రకరకాల పాలిమర్లు వచ్చాయి. వాటిలో చాలా వాటికి నిప్పు తొందరగా అంటుకోదు.

మా అయ్య వరికి చల్లే డిఎపిలో కూడా ఫాస్ఫరస్, నైట్రోజన్ ఉన్నాయి. అవే రెండూ గొలుసు కడితే రబ్బరవుతుందని నాకు ఇప్పుడే తెలిసింది.

మనం పరీక్షనాళిక బొమ్మ గీశాం, చేత్తో పట్టుకోలేదు. మేడమ్ గారూ, ల్యాబు బీరువా తాళం ఒక్కసారి తీయించండి. మేం జాగ్రత్తగా చేస్తాం, పగలగొట్టం.

– 9వ తరగతి విద్యార్థిని