రంగులు వేసేవాని కొడుకు: పాంచో గొంజాలెస్

పుట్టినూరు విడిచి పరాయి సీమలో ఇల్లు కట్టుకొన్నవారి బిడ్డల కథలంటే మాకు సహజంగానే మక్కువ. అందుకే ఈ ఉగాది సంచికకు టెన్నిసు వీరుడు పాంచో గొంజాలెస్‌ను ఎన్నుకొన్నాము.

అతని తలిదండ్రులు మెక్సికోలోని చివావా నుండి అమెరికాకు వలస వచ్చినవారు. తండ్రి మాన్యుయెల్ ఇండ్లకు రంగులు వేసేవాడు. ఏడుగురు పిల్లలు. 1928 మే 9న లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన ఈ బిడ్డకు ఇంట పెట్టిన పేరు రికార్డో. పాంచో అన్నది మెక్సికో వారిని తెల్లవాళ్లు చులకనగా పిలిచే పేరు. ఆ పేరుకే తరువాత లోకం చప్పట్లు కొట్టింది.

పన్నెండవ యేట తల్లి కార్మెన్ 51 సెంట్లు పెట్టి రాకెట్టు కొని యిచ్చింది. గురువు లేడు, పార్కులో ఆడేవారిని చూచి నేర్చుకొన్నాడు. బడి ఎగగొడుతున్నాడని ఆ ప్రాంతపు టెన్నిసు పెద్దలు పోటీలలో చేరనీయలేదు. బడి మానడం తప్పే. కాని ఆ శిక్షలో చిన్నచూపు పాలు ఏమీ లేదని మేము అనలేము.

నౌకాదళంలో పనిచేసి వచ్చి 1948లో, ఇరవయ్యవ యేట, అమెరికా చాంపియను అయ్యాడు. మరుసటి యేడు ఫైనలులో ష్రోడర్‌కు మొదటి రెండు సెట్లు పోగొట్టుకొని, తక్కిన మూడూ గెలిచాడు. వెంటనే డబ్బు పుచ్చుకొని ఆడేవారిలో చేరాడు. అలాంటివారికి 1968 వరకు వింబుల్డన్ తలుపులు మూతే. మొదట క్రేమర్ చేతిలో 96 పోటీలు ఓడి 27 మాత్రమే గెలిచాడు. తరువాత ఏండ్ల తరబడి ఆ వృత్తిలో అతనిదే పైచేయి.

1969లో, 41వ యేట, వింబుల్డన్‌లో పాసరెల్‌తో రెండు రోజులు, 112 గేములు ఆడాడు. ఏడుసార్లు ఓటమి అంచుకు వెళ్లి కూడా గెలిచాడు. 1995 జూలై 3న లాస్ వేగాస్‌లో కన్నుమూశాడు.